బాయికాడ ఆగిపోయిన 6 హెచ్‌పీ ఆయిల్ ఇంజను: ప్రాజెక్టు డైరీ

సరుకు ఏమిటంటే

పరకాల వైపు ఒక పాత ఊట బావి పక్కన, కప్పు సగం కూలిన కొట్టంలో దొరికిన ఇంజను ఇది. నిలువు సిలిండరు ఒకటి, అటొకటి ఇటొకటి పెద్ద ఫ్లైవీళ్ళు, నీళ్ళతో చల్లబడే డీజిలు ఇంజను. 6 హార్స్‌పవర్, నిమిషానికి 650 తిరుగుళ్ళు. బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, నాలుగున్నర అంగుళాలు, అంటే 114.3 మి.మీ.; స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, ఐదున్నర అంగుళాలు, 139.7 మి.మీ. లెక్క కడితే దాదాపు 1,430 సీసీ. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో మొదలుపెట్టిన సీఎస్ రకం ఇంజనుకు గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పోత పోసిన నకలు. అక్కడ ఆ రకం 1987తో ఆగిపోయినా రాజ్‌కోట్‌లో మాత్రం ఆ తర్వాత కూడా పోస్తూనే వచ్చారు. అందుకే రింగులు, గ్యాస్కెట్లు, వాల్వులు, నాజిల్ లాంటివి ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. పాత ఇంజను పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు ఈ రకం తీసుకోమని చెప్పడానికి అదొక్కటే చాలు.

వరంగల్, కరీంనగర్ పల్లెల్లో మోట పోయి కరెంటు మోటారు ఇంకా రాని రోజుల్లో చాలా బావుల మీద నీళ్ళు తోడింది ఈ జాతి ఇంజన్లే. తర్వాత బోర్లు పడ్డాయి, సబ్‌మెర్సిబుల్ మోటార్లు దిగాయి, ఇంజన్లు ఎక్కడివక్కడ ఉండిపోయాయి. కాబట్టి ఇలాంటి ఇంజనులో నడిచి అరిగినదాని కంటే నిలిచి పాడైనది ఎక్కువ. ఎక్కడ విప్పినా ముందు అడగాల్సింది ఒకటే: ఇక్కడ నీళ్ళు ఎట్లా చేరాయి, ఎంత కాలం నిలిచాయి? ఈ ఇంజనులో ప్రతి రోగానికీ జవాబు అక్కడే దొరికింది.

డిసెంబరు: కొట్టంలోనే చేసిన పని

చూడగానే హ్యాండిలు పెట్టి తిప్పబుద్ధి అవుతుంది. తిప్పకూడదు. గొట్టం తొడిగి పొడుగు చేసి తిప్పడం, చక్రం ఆకుల మధ్య గడ్డపార పెట్టి ఎత్తడం ఇంకా చెడ్డవి. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. ఆకు విరిగిన ఫ్లైవీలును వెల్డింగు చేయించి 650 తిరుగుళ్ళకు తీసుకుపోయే ధైర్యం ఎవరికీ ఉండకూడదు.

ఎగ్జాస్టు గొట్టం నిటారుగా పైకి ఉంది, మూతి మీద డబ్బా లేదు. హెడ్డు విప్పకముందే సగం సంగతి తెలిసిపోయింది. ఇంజను ఆగినప్పుడు ఎగ్జాస్టు వాల్వు తెరిచి ఉండి ఉంటే, కప్పు కూలిన ప్రతి వానాకాలం నీళ్ళు నేరుగా సిలిండరులోకే.

ఇంజను పైబరువుది. చక్రాలతో సహా ఎత్తితే ఊగి పక్కకు పడుతుంది. అందుకని ఫ్లైవీళ్ళు అక్కడే తీయాలనుకున్నాం. చక్రాన్ని షాఫ్టుకు పట్టి ఉంచేది గిబ్ కీ: తల ఉన్న ఇనుప చీలిక, వంద పాళ్ళకు ఒక పాలు వాలుతో ఉంటుంది. ఇది తీయడంలో తొందరపడినవాళ్ళు కీ తల విరగ్గొట్టుకుంటారు, అప్పుడు డ్రిల్లు పెట్టి తొలచడం తప్ప దారి ఉండదు. మేము చేసిన వరస ఇది. ముందు షాఫ్టు బయటికి కనిపించే భాగాన్ని, కీ గాడిని తీగ బ్రష్షుతో, తర్వాత ఎమరీ గుడ్డతో మెరిసేదాకా తోమాలి. చక్రం జారి రావాల్సింది ఆ జంగు మీదుగానే కదా. తర్వాత ఏటీఎఫ్ ఆయిలు (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే పల్చటి నూనె), డీజిలు సగం సగం కలిపి కీ చుట్టూ రోజుకు రెండు పూటలా పోస్తూ వారం ఆగడం. ఆ తర్వాత కీ తలకూ హబ్బుకూ (చక్రం నడిమి దిమ్మ) మధ్య ఉన్న సందులో రెండు ఉక్కు చీలికలు ఎదురెదురుగా పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి చిన్న దెబ్బలు. దెబ్బ మొద్దుగా వినిపించినంత సేపు కీ కదలలేదని అర్థం. కదిలిన క్షణాన శబ్దం మారి టంగుమంటుంది. ఎడమ పక్కది అట్లా వచ్చింది. కుడి పక్క దానికి హబ్బును చుట్టూ సమంగా వేడి చేయాల్సి వచ్చింది, చెయ్యి పెట్టలేనంత వేడి చాలు, ఎర్రగా కాదు.

కీ వచ్చాక కూడా చక్రం ఒక్కసారిగా జారి కాళ్ళ మీద పడకుండా ముందే చైన్ బ్లాకుకు కట్టి, కింద రెండు టైర్లు వేసి ఉంచాలి. ఏ కీ ఏ పక్కదో, ఏ చక్రం ఏ పక్కదో పంచ్‌తో చుక్కలు కొట్టి గుర్తు పెట్టాం. కీలు రెండూ ఒకేలా కనిపిస్తాయి కాని ఏది ఏ గాడికి చెక్కిందో అదే దానికి కూర్చుంటుంది.

జనవరి: పట్టేసిన పిస్టను

హెడ్డు దించితే అనుకున్నదే. పిస్టను మధ్యలో ఆగి ఉంది, దాని తల మీద వేలు మందం ఎర్ర బురద. పైన సిలిండరు గోడ అంతా జంగు.

ఇక్కడ చూడాల్సిన మొదటి సంగతి, పిస్టను ఏ ఎత్తులో ఆగింది. మధ్యలో ఉంటే పైనుంచి పడే దెబ్బ క్రాంకును తిప్పుతుంది. పూర్తిగా పైనో పూర్తిగా కిందో ఉంటే కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు ఒకే గీతలో ఉంటాయి కాబట్టి ఆ దెబ్బంతా బేరింగులు తింటాయి, ఏదీ తిరగదు. మనది మధ్యలో ఆగింది, అదొక అదృష్టం.

రెండోది, పిస్టను పైన ఉన్న జంగు తీయకుండా దాన్ని కదపకూడదు. రింగులు ఆ గరుకు మీదికి ఎక్కితే విరుగుతాయి, లైనరును, అంటే సిలిండరు లోపలి గొట్టాన్ని, గీరుతాయి. బురద గరిటెతో తోడి, గుడ్డతో తుడిచి, 120 నంబరు ఎమరీ గుడ్డను డీజిలులో తడిపి గోడను గుండ్రంగా తోమాం. అక్కడే పట్టేసిన జంగు అంచు కనిపించింది: పై రింగుకు సరిగ్గా మీద, ఉంగరంలా గట్టి గోధుమ రంగు పట్టీ. దాన్ని పదును లేని ఇత్తడి రేకుతో గీకి తీసేశాం. ఈ పట్టీ ఉండగా ఎంత ఆయిలు పోసినా కిందికి దిగదు.

తర్వాత అదే సగం సగం మిశ్రమం పిస్టను మీద అర అంగుళం ఎత్తు నిలిచేలా పోసి వదిలేయడం. మట్టం తగ్గుతుంటే కింద దారి దొరికిందని గుర్తు. నాలుగో రోజుకు మట్టం దిగడం మొదలైంది. బోరుకంటే కొంచెం సన్నగా, 110 మి.మీ.కు, లేత్ మీద తిప్పించిన తుమ్మ మొద్దును పిస్టను తల మీద నిలబెట్టి, రెండు కేజీల సుత్తితో నడిమధ్యలో కొట్టాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒకరు క్రాంకు చివర పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ ఉండాలి. ముందు కదిలేది వెంట్రుకవాసి. ఒక్కసారి కదిలాక ఆ వైపే తోసుకుంటూ పోవద్దు, వెనక్కు తేవాలి, మళ్ళీ ఆయిలు పోయాలి. అట్లా కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే రింగులు బతుకుతాయి. ఎట్లాగూ రింగులు కొత్తవి వేస్తాం కదా అంటారు. నిజమే, కానీ విరిగిన ముక్క గాడి అంచును తింటే పిస్టనే మార్చాలి.

కొలతలు

లైనరు లోపల బోర్ గేజితో పైన, నడుమ, కింద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో చూశాం. కింద 114.33, నడుమ 114.41, పైన రింగు తిరిగే చోట 114.52 మి.మీ. పైన అరుగుదల 0.22 మి.మీ. ఆరు ఎకరాలు తడపాల్సిన ఇంజనైతే లైనరు మార్చమనే చెబుతాం. అప్పుడప్పుడు ఒక గంట నడిచే ఇంజనుకు ఇది చాలు, పాతదే ఉంచాం. పిస్టను ఆగిన చోట రింగు వెడల్పున చిన్న గుంటలు ఉన్నాయి, గోరు తగిలితే తెలిసేంత. ఆ గుంటలు హోనింగుతో (తిరిగే రాళ్ళతో లోపలి గోడను సన్నగా గీకడం) పోవు, పోగొట్టాలని చూస్తే బోరు పెద్దదవుతుంది. అంచులు గరుకు లేకుండా ఉంటే నూనె పట్టుకుని కూర్చుంటుంది, కంప్రెషన్ నష్టం కొద్దిపాటిదే.

హోనింగు 180 నంబరు రాళ్ళతో మొదలుపెట్టి 320తో ముగించాం, డీజిలు ధారగా పోస్తూ. గీతలు ఒకదానికొకటి 45 డిగ్రీల దగ్గర అడ్డంగా పడాలి. డ్రిల్లు నెమ్మదిగా తిరుగుతూ చెయ్యి వేగంగా పైకీ కిందికీ ఆడితేనే అట్లా పడతాయి. అయ్యాక లైనరును వేడి నీళ్ళు, సబ్బు పొడితో తెల్ల గుడ్డకు మరక అంటనంత వరకు కడగాలి. డీజిలుతో తుడిస్తే రాతి పొడి పోదు, గీతల్లోనే ఉండి కొత్త రింగులను అరగదీస్తుంది. కడిగిన వెంటనే ఆయిలు రాయకపోతే అరగంటలో మళ్ళీ ఎర్ర పొర.

కొత్త రింగును బోరులో పెట్టి పిస్టను తలతో నిటారుగా తోసి, కొసల మధ్య సందును ఫీలర్ గేజితో చూడాలి. బోరు అరగని కింది భాగంలోనే చూడాలి, ఎందుకంటే రింగుకు అన్నిటికంటే ఇరుకైన చోటు అదే. డబ్బాలోంచి తీసినప్పుడు రెండు రింగులు 0.25 దగ్గరే ఉన్నాయి. వేడికి సాగి కొసలు తగులుకుంటే రింగు విరుగుతుంది. సన్నని ఆకురాయితో ఒక కొసనే రాపిడి చేసి అన్నిటినీ 0.40 నుంచి 0.45 మి.మీ.కు తెచ్చాం.

క్రాంకు కేసు లోపలి గోడ మీద నల్ల మడ్డి కింద పోత ఇసుక రేణువులు అంటుకునే ఉన్నాయి. ఆ కాలపు పోతల్లో ఇది కొత్త సంగతి కాదు. ఫిల్టరు లేని ఇంజను కాబట్టి ఊడిన ప్రతి రేణువూ బేరింగులోకే చేరుతుంది. తీగ బ్రష్షు, ఉలి, మళ్ళీ బ్రష్షు, చివర డీజిలు, ఆ తర్వాత లోపల నూనెకు తట్టుకునే ఎనామెల్ రెండు పూతలు. విసుగు పుట్టించే పనే, అయినా ఈ ఇంజనులో చేసిన అన్ని పనుల్లో ఎక్కువ ఆయుష్షు ఇచ్చేది ఇదేనని మా లెక్క.

హెడ్డు, వాల్వులు

నీళ్ళు తిరిగే గదుల్లో సున్నం గారలా పేరుకుని ఉంది. మన బావుల నీళ్ళు గట్టి నీళ్ళు, ఆ పైన ఇంజను ఆపాక నీళ్ళు వదలకుండా ఉంచేశారు. నిమ్మ ఉప్పు లీటరు వేడి నీళ్ళకు 100 గ్రాముల చొప్పున కలిపి హెడ్డును ప్లాస్టిక్ టబ్బులో ముంచితే బుసబుస పొంగింది. పొంగు ఆగగానే తీసేయాలి. రాత్రంతా వదిలేస్తే ఇనుమును తింటుంది. తర్వాత చాకలి సోడా నీళ్ళతో కడిగి, కంప్రెసరు గాలితో ప్రతి రంధ్రం ఊదాం. పగుళ్ళ కోసం వాల్వు సీట్ల మధ్య ఉన్న సన్నని వంతెనను భూతద్దంతో చూడాలి. ఇక్కడ ఏమీ కనిపించలేదు.

ఎగ్జాస్టు వాల్వు గైడులోనే బిగుసుకుంది. సుత్తితో కొడితే కాడ చివర పువ్వులా విచ్చుకుంటుంది, ఇక గైడులోంచి రాదు. నూనె పోసి గిరగిరా తిప్పుతూ కిందికి లాగితే వచ్చింది. కాడ మీద గుంటలు చాలా ఉన్నాయి కాబట్టి ఎగ్జాస్టు వాల్వు కొత్తది, ఇన్‌లెట్ పాతదే. కార్బొరండం పేస్టు ముందు ముతకది, తర్వాత మెత్తది పెట్టి కర్రతో అటూ ఇటూ తిప్పి సీటు దాకా రాశాం. మసక రంగు పట్టీ చుట్టూ తెగకుండా, ఒకటిన్నర నుంచి రెండు మి.మీ. వెడల్పుగా రావాలి. పరీక్ష సులువు: వాల్వులు బిగించి పోర్టులో పెట్రోలు పోసి పది నిమిషాలు చూడాలి. చెమ్మ కనిపిస్తే మళ్ళీ మొదటికి.

డీజిలు దారి

ట్యాంకు అడుగున నీళ్ళు, దాని మీద నల్లటి జిగట. డీజిలు కంటే నీళ్ళు బరువు కాబట్టి అడుగునే చేరతాయి, పంపుకు పోయే గొట్టం కూడా అడుగు నుంచే. ఫలితంగా ఫ్యూయల్ పంపులో డీజిలును తోసే కడ్డీ, ప్లంజరు, దాని గొట్టమైన బ్యారెల్‌లో పట్టేసింది. ప్లంజరు, బ్యారెల్ జత కుదిర్చి తయారుచేసిన జంట. మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. ఎమరీ తగిలించకూడదు, ప్లయరుతో పట్టుకోకూడదు. ఏటీఎఫ్‌లో నానబెట్టి, ఇత్తడి కడ్డీతో కింద నుంచి తట్టి విడిపించాం. చూస్తే ప్లంజరు మీద గోధుమ రంగు గీత, వేలికి తగులుతోంది. ఒత్తిడి నిలవదు. కొత్త ఎలిమెంటు (ఆ జంట), కొత్త డెలివరీ వాల్వు వేయించాం. వరంగల్‌లో పంపు క్యాలిబ్రేషన్ చేసే దుకాణంలో ఇది రోజువారీ పనే.

నాజిలును, అంటే సిలిండరులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టరు మూతిని, కూడా అక్కడే టెస్ట్ పంపు మీద పెట్టించాం. ఆ నాజిల్ రకానికి పట్టికలో ఉన్న ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలి, పొగమంచులా చిమ్మాలి, ఆగాక కొనన చుక్క నిలవకూడదు. చుక్క నిలిస్తే తెల్ల పొగ, దబదబ చప్పుడు, నాజిలు మూతికి బొగ్గు. చిమ్ముతున్నప్పుడు చెయ్యి అడ్డం పెట్టడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆపరేషన్ దాకా వెళ్ళాల్సిన సంగతి అది.

ఫిబ్రవరి: బిగింపు

కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగు తెల్ల లోహం బాగుంది, కొద్దిగా ఆడుతోంది. సన్నని సీసపు తీగ ముక్కను మధ్య పెట్టి నట్లు బిగించి, విప్పి, నలిగిన మందం మైక్రోమీటరుతో చూస్తే 0.14 మి.మీ. రెండు పక్కలా ఒక్కో షిమ్ముకు (సందు సరిచేసే పల్చటి రేకు) 0.07 తగ్గించి మళ్ళీ చూస్తే 0.07. సరిపోయింది. షిమ్ము ఒక పక్కదే తీయకూడదు, బేరింగు వాలుగా కూర్చుంటుంది. కింది క్యాపుకు ఉన్న డిప్పరు, అంటే నూనెలో మునిగి ఎగజిమ్మే చిన్న చెంచా, విరిగి ఉందేమో తప్పక చూడాలి. అది లేకపోతే బేరింగుకు నూనె అందే దారే లేదు.

పిస్టనుకూ హెడ్డుకూ మధ్య ఖాళీని కూడా సీసపు తీగతోనే కొలవాలి: పిస్టను తల మీద రెండు చోట్ల గ్రీజుతో అతికించి, హెడ్డు బిగించి, ఒక చుట్టు తిప్పి తీయడం. మనకు 1.5 మి.మీ. వచ్చింది, అట్లాగే వదిలేశాం. వాల్వు గ్యాపు చలి ఇంజను మీద ఇన్‌లెట్‌కు 0.4 మి.మీ. చుట్టుపక్కల, ఎగ్జాస్టుకు దాదాపు దానికి రెట్టింపు. ఎగ్జాస్టు వాల్వు కాడ ఎక్కువ వేడెక్కి ఎక్కువ సాగుతుంది కదా. సందు తక్కువైతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోక కాలిపోతుంది.

ఫ్లైవీళ్ళు ఎక్కించేటప్పుడు కీ మీద నీలం రంగు పూసి, కొద్దిగా దింపి, తీసి చూశాం. పైనా కిందా పొడవునా రంగు అంటితేనే కీ పట్టు ఇచ్చినట్టు. ఒక కొస మాత్రమే అంటితే అది బిగిసినట్టు అనిపిస్తుంది గాని నడిచేటప్పుడు వదులవుతుంది, ప్రతి పేలుడుకూ టక్కుమంటుంది. ఆ టక్కును చాలామంది బిగ్ ఎండ్ చప్పుడనుకుని ఇంజనంతా విప్పుతారు. వదులు కీతో నడిపితే హబ్బు పగులుతుంది. కుడి కీ ఒక కొసనే అంటింది, ఆకురాయితో రాసి సరిచేయడానికి ఒక పూట పట్టింది. తలకూ హబ్బుకూ మధ్య చీలిక దూరేంత సందు మిగిల్చాలి, లేకపోతే రేపు విప్పేవాడికి దారి ఉండదు. కీ తల షాఫ్టుతో పాటు తిరుగుతుంది. పంచె అంచు, భుజం మీది రుమాలు, ఏదైనా చుట్టుకుంటుంది. రెండు పక్కలా రేకు టోపీలు చేయించి బిగించాం.

టైమింగు

ముందు పిస్టను సరిగ్గా పైకి వచ్చే చోటు కావాలి. కంటితో చూస్తే దొరకదు, పైన పిస్టను దాదాపు కదలనట్టే ఉంటూ చక్రం మాత్రం చాలా దూరం తిరుగుతుంది. అందుకని హెడ్డు ఎక్కించకముందే సిలిండరు మీద అడ్డంగా ఇనుప పట్టీ బిగించి, దానికి ఒక బోల్టు కిందికి దింపి, పిస్టను పైకి రాకముందే తగిలేలా పెట్టాం. ఒక వైపు తిప్పి తగిలిన చోట చక్రం మీద సుద్దతో గీత, రెండో వైపు తిప్పి ఇంకో గీత. రెండింటి నట్టనడుమ అసలు చోటు. అక్కడ ఉలితో పక్కా గీత పెట్టాం.

చక్రం చుట్టుకొలత టేపుతో 1,910 మి.మీ. 360 డిగ్రీలకు అంత అయితే 20 డిగ్రీలకు 106 మి.మీ. పై గీత కంటే 106 మి.మీ. ముందు, తిరిగే దిక్కును బట్టి, రెండో గీత. డీజిలు పంపు తోయడం మొదలుపెట్టాల్సింది అక్కడ. పంపు నుంచి ఇంజెక్టరుకు పోయే గొట్టం విప్పి, రాక్‌ను (డీజిలు ఎంత పోవాలో తేల్చే కడ్డీ) పూర్తిగా తెరిచి, చక్రాన్ని కంప్రెషన్ స్ట్రోకులో నెమ్మదిగా తిప్పుతూ పంపు మూతి మీది డీజిలు మట్టాన్నే చూడాలి. నిశ్చలంగా ఉన్న ఆ మెరుపు కొద్దిగా ఉబ్బిన క్షణాన చక్రం ఆపాలి. దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయకూడదు, గేర్ల ఆట వల్ల లెక్క తప్పుతుంది. బాగా వెనక్కు పోయి మళ్ళీ రావాలి. మొదట చూస్తే గీతకు 31 మి.మీ. ఆలస్యంగా ఉంది, దాదాపు 6 డిగ్రీలు. పంపు కింది ట్యాపెట్ స్క్రూను పైకి విప్పితే ప్లంజరు ముందే పైకి వస్తుంది, టైమింగు ముందుకు జరుగుతుంది. కొంచెం విప్పడం, లాక్ నట్టు బిగించడం, మళ్ళీ చూడడం. లాక్ నట్టు బిగించినప్పుడు స్క్రూ కూడా తిరుగుతుంది, కాబట్టి బిగించాక వచ్చిన కొలతే లెక్క.

మార్చి: స్టార్టు

ఆయిలు చిక్కదనం ఎస్ఏఈ 30. ఏప్రిల్, మే ఎండల్లో నడిపేదైతే 40 పోస్తాం. రాకర్లు, పుష్ రాడ్డుల కప్పులు, వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు కీళ్ళు, అన్నిటికీ చేతి నూనె డబ్బాతో చుక్కలు.

పంపు దగ్గర బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు లేకుండా డీజిలు వచ్చేదాకా ఆగాలి, తర్వాత ఇంజెక్టరు దగ్గర గొట్టం నట్టు వదులు చేసి చక్రం తిప్పుతూ అక్కడ కూడా గాలి పోగొట్టాలి. నట్టు బిగించాక డీకంప్రెషన్ లీవరు (వాల్వు తెరిచి పట్టి తిప్పడం తేలిక చేసేది) ఎత్తి తిప్పితే ప్రతి రెండు చుట్లకు ఒకసారి ఇంజెక్టరు కిర్రుమనాలి. ఆ కిర్రు వినబడకుండా హ్యాండిలు కొట్టడం ఒంటి నొప్పులకే.

హ్యాండిలు పెట్టే షాఫ్టు కొన బొడిపెలు లేకుండా నున్నగా ఉండాలి. ఇంజను అందుకోగానే హ్యాండిలు తనంతట ఊడిరావాలి. పట్టుకుని తిరిగితే ఎవరి చెయ్యో తలో పగులుతుంది. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే పెట్టి పట్టుకోవాలి, చుట్టూ బిగించకూడదు. మరో మనిషి గాలి పీల్చే మూతి దగ్గర చెక్క పలక పట్టుకుని నిలబడాలి. గవర్నరు పట్టేసి వేగం ఎగబాకితే డీజిలు కట్టేయడం, లీవరు ఎత్తడం, పలకతో గాలి మూసేయడం, ఈ మూడు ఎవరెవరు చేయాలో ముందే అనుకోవాలి.

లీవరు ఎత్తి బాగా వేగం అందుకున్నాక లీవరు వదిలితే రెండు తెల్ల పొగలు, ఒక తప్పుడు పేలుడు, ఆ తర్వాత పట్టుకుంది. వేగం కొలవడానికి టాకోమీటరు లేకపోయినా పరవాలేదు. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి రెండు చుట్లకు ఒక పేలుడు, 650కి నిమిషానికి 325. ఫోనులో పది సెకన్లు రికార్డు చేసి నెమ్మదిగా వింటూ లెక్కపెడితే 54 రావాలి. 61 వచ్చింది, అంటే 730 దాటి. గవర్నరు స్ప్రింగు వదులు చేసి 54కు తెచ్చాం.

ఇరవై నిమిషాలు నడిపి ఆపి, చల్లారాక హెడ్డు నట్లు మళ్ళీ బిగించి, వాల్వు గ్యాపు మళ్ళీ చూసి, రెండు కీలను సుత్తితో తట్టి చూశాం. ఎడమది కొద్దిగా లోపలికి దిగింది. ఇది మామూలే. మొదటి కొన్ని సార్లు నడిపాక తట్టి చూడకపోవడమే ప్రమాదం. రెండు గంటల నడకకే మొదటి ఆయిలు వదిలేసి అయస్కాంతం తిప్పి చూస్తే బూడిద రంగు మెత్తటి పొడి అంటింది. కొత్త రింగులు కూర్చుంటున్నప్పుడు అంతమాత్రం వస్తుంది. మెరిసే రేకుల్లాంటివి లేవు.

నీళ్ళ డ్రమ్ము

బావి మీద ఉన్న రోజుల్లో పంపు నీళ్ళలోంచే ఒక గొట్టం చీల్చి ఇంజనుకు ఇచ్చేవాళ్ళు. చవక పద్ధతే కాని ఇంజను ఎప్పుడూ చల్లగానే నడుస్తుంది. చల్లటి గోడ మీద కాలని డీజిలు, నీటి ఆవిరి కలిసి దిగి నూనె పొరను కడిగేస్తాయి. ఈ లైనరు పైభాగం అంత అరగడానికి అదీ ఒక కారణమై ఉండాలి. అందుకే ఇప్పుడు 200 లీటర్ల డ్రమ్ముతో, పంపు లేకుండా, వేడికి నీళ్ళు తమంతట తిరిగే పద్ధతి పెట్టాం. డ్రమ్ము అడుగు నుంచి ఇంజను కింది రంధ్రానికి ఒక గొట్టం, హెడ్డు నుంచి డ్రమ్ము పైభాగానికి ఇంకొకటి. పై గొట్టం ఎక్కడా కిందికి వంగకూడదు, ఆవిరి బుడగ అక్కడ ఇరుక్కుంటుంది. డ్రమ్ములో నీటి మట్టం ఆ పై గొట్టం నోటి కంటే ఎప్పుడూ పైనే ఉండాలి. దిగితే తిరగడం ఆగిపోయి హెడ్డులో నీళ్ళు మరుగుతాయి. గొట్టాల లోపలి వ్యాసం అంగుళంన్నర, తగ్గించవద్దు. వాన నీళ్ళు పట్టి పోస్తే సున్నం గొడవ ఉండదు. నడిపిన రోజు సాయంత్రం కింద కుళాయి తిప్పి హెడ్డు నీళ్ళు వదిలేస్తున్నాం, ఎగ్జాస్టు మూతికి రేకు తలుపు పెట్టాం.

రంగు సంగతి చివర. పేరు పలక కింద దొరికిన పాత ఆకుపచ్చ చూసి అదే రంగు కలిపించాం. పలకను తుడిచామే గాని పాలిష్ చేయలేదు. చక్రాల అంచులకు రంగు లేదు, నూనె గుడ్డే.

ఇక పంపు

మిగిలింది పాత సెంట్రిఫ్యూగల్ పంపుతో బెల్టు కలపడం. పంపు పలక మీద 1,450 తిరుగుళ్ళు. ఇంజను పుల్లీ 14 అంగుళాలు, 650 చొప్పున. పంపుకు 6 అంగుళాల పుల్లీ వేస్తే 1,517 వస్తుంది, బెల్టు జారుడు రెండు మూడు శాతం పోయినా 1,470కి పైనే. పంపు అడిగేది వేగానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి అంత ఎక్కువ వద్దు. ఆరుంపావు అంగుళాలకు లేత్ మీద తిప్పిస్తే జారుడు తీసేసినా 1,420 దగ్గర నిలుస్తుంది, ఆ పుల్లీ ఆటోనగర్‌లో పోతకు ఇచ్చాం. పుల్లీలు రెండూ ఒకే గీతలో ఉన్నాయో లేదో దారం లాగి చూడాలి, వాలుగా ఉంటే బెల్టు మొదటి నిమిషంలోనే ఊడిపోతుంది.